వాన లేని నాటి వాన నీళ్ళు

మూడో నంబరు పంపు మళ్ళీ ఆగిపోయింది. నాలుగు నెలల్లో ఇది మూడోసారి.

పంపక్క దాని పక్కన గొంతుక్కూర్చుంది. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు దగ్గర ఆనించి, పిడిని చెవికి తగిలించుకుని, రెండో చేత్తో ఇరుసును మెల్లగా తిప్పింది. బేరింగు గొణగలేదు. మోటారు వాసన చూసింది, కాలిన కంపు లేదు. పైకి అంతా కులాసాయే. అంటే రోగం కడుపులో ఉంది.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది గుర్తింపు కార్డు మీద తప్ప మరెక్కడా బతికి లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఈ రంగుల ఫ్యాక్టరీలో పంపుల గది ఊడవడానికి చీపురుతో వచ్చింది. అప్పటి ఫిట్టరు పెద్దాయనకు చెవుడు మొదలై పంపు మొర వినపడక, "అదేమంటోందో కాస్త విని చెప్పమ్మా" అంటూ స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాడు. విని చెప్పడంతో మొదలైన మనిషి విప్పి చూపించే దాకా వచ్చింది. పెద్దాయన రిటైరయ్యాక చీపురు ఇంకొకరి చేతికి పోయింది, రెంచీ ఈమె చేతిలో మిగిలింది. హోదా మాత్రం కాగితాల్లో ఇప్పటికీ 'సహాయకురాలు'. పని తెలిసినవాళ్ళకు పని, కుర్చీ తెలిసినవాళ్ళకు పదవి. ఫ్యాక్టరీల ధర్మం ఎక్కడైనా అంతే.

ఆమెకో అలవాటుంది. చచ్చిన సామాను పారేయదు. అరిగిన బేరింగు, చిట్లిన రబ్బరు సీలు, తిన్నంత తిని పోయిన చక్రం, ఏదైనా సరే తుడిచి, తెల్ల రంగుతో తేదీ రాసి, గోడకున్న ఇనుప అరలో పెడుతుంది. అందరూ దాన్ని శవాల అర అంటారు. "మ్యూజియమా అక్కా? టిక్కెట్టెంత?" అని మెయింటెనెన్స్ ఇంచార్జి ఎగతాళి చేసేవాడు. ఆమెకు అదే బడి, అదే పుస్తకం. ఇసుక తిన్న చక్రం ఏటి రాయిలా నున్నగా అరుగుతుంది. నీళ్ళు అందక గాలి మింగే పంపు చక్రం మీద మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. రాయి ఇరుక్కుంటే అంచు పెచ్చులూడుతుంది. చచ్చినవాళ్ళు అబద్ధం చెప్పరు, బతికున్నవాళ్ళనే అడిగి లాభం లేదు. ఇది ఆమె తరచూ అనే మాట.

బోల్టులు విప్పి మూత తీసింది. లోపల గిర్రున తిరిగి నీళ్ళను విసిరే స్టీలు చక్రం చేతికొచ్చింది. ఆమె నుదుటి మీద గీత పడింది. రెక్కలు కాగితంలా పలచబడిపోయాయి. అంచులు బ్లేడులా ఉన్నాయి. చెదలు తిన్న తలుపులా అక్కడక్కడా చిల్లులు. ఇది ఇసుక పని కాదు, గాలి పని అంతకన్నా కాదు. అరలోంచి గత రెండు చక్రాలూ తీసి పక్కన పెట్టింది. ముగ్గురిదీ ఒకటే చావు.

ఇంతలో ఇంచార్జి వచ్చాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. పని ఉంటే 'అక్కా' అంటాడు, కోపమొస్తే 'ఏమ్మా' అంటాడు.

"ఏమ్మా, మళ్ళీ పోగొట్టావా?"

"నేను పోగొట్టలేదు సార్. అదే పోయింది."

"ఊరికే ఎందుకు పోతుంది? వాన పడి నలభై రోజులైంది. వాన నీళ్ళ గుంతలో చుక్క లేకపోయినా చూసుకోకుండా తిప్పి ఉంటావు. నువ్వు చేసిన నిర్వాకానికి పైవాళ్ళకి సమాధానం చెప్పుకోవాల్సింది నేను."

"నీళ్ళు లేకుండా తిరిగితే సీలు మాడిపోవాలి సార్. ఇది మాడలేదు. చూడండి, ఉబ్బింది."

అతను చూడలేదు. అసలు చక్రం వంకే చూడలేదు. పంపు చెడిందని మండిపడేవాడు చెడిన పంపును చూడకుండా గోడ గడియారాన్ని చూడటమేమిటి? ఆమె మనసులో అనుమానపు ముల్లు ఒకటి అప్పుడే దిగింది. కానీ అది ఎవరి మీదికి తిరగాలో ఇంకా తెలియలేదు.

తిరిగింది స్టోరు మీదికి. స్టోరు చూసే ఆయన నడుముకు తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. అందుకే తాళాల బాబాయి. ఆమె ఉబ్బిన సీలు, చిల్లుల చక్రం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద ఠంగుమని పడేసింది.

"బాబాయ్, నిజం చెప్పు. అసలు సామాను ఎవరికి పంపి, నకిలీవి నాకు అంటగడుతున్నావ్?"

తాళాల బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ గుత్తి మోస్తున్నా అమ్మాయ్. నడుము వంగింది గానీ బుద్ధి వంగలేదు. నన్ను దొంగని చేయడానికి వచ్చినదానివి, ముందు ఇది చెప్పు. నీ ఒకటో నంబరు పంపుకి సీలు ఎక్కడిది?"

"నువ్వు ఇచ్చిందే."

"ఏ పెట్టెలోంచి?"

ఆమె చూపు ఆయన వెనక అరలోని పెట్టె మీదికి పోయింది.

"ఇదే పెట్టెలోంచి. అది రెండేళ్ళుగా కిక్కురుమనకుండా తాగే నీళ్ళు తోడుతోంది. ఇద్దరు పిల్లలకి ఒకే గిన్నెలోంచి వడ్డిస్తే ఒకడికే వాంతులయ్యాయనుకో. తప్పు వండినవాళ్ళదా? వాడు బయటికెళ్ళి ఏం తిన్నాడో చూసుకో పో."

ఆమె బల్ల మీది సామాను ఏరుకుంది. "కోపం పెట్టుకోకు బాబాయ్" అంది.

"పెట్టుకుంటా. రేపటి దాకా పెట్టుకుంటా" అన్నాడు ఆయన. కళ్ళజోడు కిందికి దించుకుని గొంతు తగ్గించాడు. "రబ్బరు మంచి నీళ్ళకి ఉబ్బదు అమ్మాయ్. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు."

 అదే మాట, ఇంకో రకంగా, రెండేళ్ళుగా చెబుతున్న మనిషి ఆమె సొంత చెల్లెలు.

మూడో నంబరు పంపు పని ఏమిటంటే, ఫ్యాక్టరీ ఆవరణలో పడిన వాన నీళ్ళు చేరే గుంతను తోడి వెనక కాలువలోకి వదలడం. రంగుల గదుల్లోంచి వచ్చే చెడ్డ నీళ్ళకు వేరే దారి ఉంది. వాటిని శుభ్రం చేసే యంత్రం ఉంది, దానికి ప్రారంభోత్సవం ఫలకం కూడా ఉంది. కాలువ అవతల కాలనీలో చెల్లెలి ఇల్లు. లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి బతికే ఇల్లది. రెండేళ్ళ కిందట బోరింగు నీళ్ళు రంగు మారాయి. తెల్ల దుప్పట్లు ఉతికితే పసుపు చారలొచ్చాయి. చెల్లెలి చేతి వేళ్ళ సందుల్లో చర్మం ఒలిచిపోయింది. అప్పుడు ఆమె అక్క ఇంటికి వచ్చి నిలదీసింది.

"మీ పంపు నీళ్ళే అక్కా. నువ్వు నడిపే పంపే."

"నోరు జాగ్రత్త. నా పంపులోంచి వాన నీళ్ళు తప్ప చుక్క పోదు. నీ మీద ఒట్టు" అంది పంపక్క, చెల్లెలి ఒలిచిన చేతిని పట్టుకుని.

ఒట్టు వేసింది కదా అని చెల్లెలు నమ్మిందా? నమ్మలేదు. తెగతెంపులూ చేసుకోలేదు. వచ్చినప్పుడల్లా తన నీళ్ళ సీసా తనే తెచ్చుకునేది. అక్క గ్లాసు అందిస్తే "దాహం లేదు" అని, కాసేపటికి సంచిలోంచి సీసా తీసి తాగేది. రెండేళ్ళుగా ఆ సీసా ఇద్దరి మధ్యా బల్ల మీద నిలబడే ఉంది.

పంపు ఆగిన ఆ సాయంత్రం పంపక్క ఇంట్లో మిషను తొక్కుతున్న భర్తతో అంది. "ఆ పంపు వాన లేకుండా ఎలా తిరుగుతోందయ్యా?"

ఆయన దర్జీ. నోట్లో సూది పెట్టుకుని కూడా జోకు వేయగలడు. "మొగుడు లేకుండా తిరిగే ఆడదాన్ని అనుమానించేవాళ్ళని చూశా గానీ, వాన లేకుండా తిరిగే పంపుని అనుమానించేదాన్ని నిన్నే చూశా. అనుమానం పెనుభూతం అంటారు. వదిలెయ్."

"పెనుభూతమైతే కనపడాలిగా. చూసి వదిలేస్తా."

మర్నాడు పాత చక్రం ఒకటి సాపు చేసి పంపుకు బిగించింది. శనివారం షిఫ్టు దిగేముందు పంపు ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు అంకె అరచేతిలో రాసుకుంది. సోమవారం పొద్దున్నే వచ్చి చూస్తే ముప్పై ఒక్క గంటలు పెరిగింది. ఆకాశం అద్దంలా ఉంది. మేఘం అన్న జాడ లేదు. ఆ గుంతలో ఎప్పుడూ కాస్త ఊట నీరు చేరుతుంది, దానికి రోజుకు పావుగంట చాలు. మరి ముప్పై ఒక్క గంటలు?

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, కళ్ళజోడు మర్చిపోయానని గేటు దగ్గర చెప్పి లోపలికి వెళ్ళింది. ఎండ పెళపెళలాడుతోంది. పంపుల గదిలో గోడకానుకుని నిలబడింది. పావుగంట గడిచిందో లేదో, గుంత మూత కింద తేలే బుర్ర టక్కుమని పైకి లేచిన చప్పుడైంది. నీళ్ళు నిండాయని ఆ బుర్ర చెబితే పంపు తనంతట తనే మొదలవుతుంది. మూడో నంబరు ఒళ్ళు విరుచుకుని గుర్రుమంది.

ఆమె గుంత మూత పక్కకు జరిపి చూసింది. ఎన్నేళ్ళ కిందటో మూసేశామని చెప్పిన రంగుల గదుల పాత పైపొకటి గోడలోంచి నోరు తెరిచి ధారగా పోస్తోంది. ఘాటుకు కళ్ళు మండాయి. తాడు కట్టిన డబ్బాతో కొంచెం తోడి, సిమెంటు గచ్చు మీద ఒంపింది. గచ్చు సుర్రుమంది. బుసబుసా నురగ లేచింది. వాన నీళ్ళకు సిమెంటు నురగ కక్కదు.

చూడాల్సింది చూసింది. కానీ పెనుభూతాన్ని వదలడం మాట దేవుడెరుగు, ఇప్పుడది వెనక్కి తిరిగి ఆమెనే చూస్తోంది.

రెండేళ్ళ కిందట మొదటిసారి ఈ పంపు చక్రం, అప్పట్లో పోత ఇనుముది, నెలన్నరకే అరిగిపోయింది. ఆమె దాన్ని తిప్పితిప్పి చూసి, ఊట నీళ్ళలో ఉప్పెక్కువైందని తీర్మానించి, "స్టీలు చక్రం వేయించండి సార్, నాలుగింతలు బతుకుతుంది" అని సలహా ఇచ్చింది. వేయించారు, ఈ నాలుగు నెలల ముందు దాకా బతికింది. ఆమెకు అందరి ముందు చప్పట్లు కొట్టించి గోడ గడియారం బహుమతి ఇచ్చారు. అది ఇంట్లో ఇప్పటికీ టిక్కుటిక్కుమంటోంది. ఇనుము ఓర్చుకోలేక నెలన్నరకే ఆగి, "ఇది నా వల్ల కాదు" అని చెప్పిన మాటను, స్టీలు పెట్టి నోరు మూయించింది ఎవరు? ఈమే. పంపులవాళ్ళు చేసే తప్పే అది. పంపుకు జబ్బు చేస్తే గట్టి పంపు వెతుకుతారు. దానికి విషం పోసిందెవరని అడగరు.

పంపు ఇనుముది కనక చచ్చి సాక్ష్యం చెప్పింది. తేదీ రాసి అరలో పెట్టే మనిషి దానికి ఉంది. కాలువ అవతల ఉన్నవాళ్ళు ఇనుము కన్నా మొండివాళ్ళు, అంత తొందరగా చావరు. మెల్లగా ఒలిచిపోతారు, మెల్లగా దగ్గుతారు. వాళ్ళ మీద తేదీ రాసే తెల్ల రంగు ఏ ఆఫీసులోనూ ఉండదు.

బుధవారం ఇంచార్జి నవ్వుతూ వచ్చాడు. వెంట మెడలో కార్డు వేసుకున్న పంపుల కంపెనీ మనిషి.

"అక్కా, నీ కష్టాలు తీరాయి. కొత్త పంపు తెప్పిస్తున్నా. లోపలంతా ప్లాస్టిక్ పూతే. నువ్వు రిటైరైనా అది రిటైరు కాదు. ఈయనకి కొలతలు చెప్పు."

కంపెనీ మనిషి అట్ట మీద కాగితం బిగించి ఆమె పక్కన కూర్చున్నాడు. గుంత లోతెంత, పైపు పొడుగెంత, ఎన్ని వంపులు, గంటకి ఎన్ని లీటర్ల నీళ్ళు. ఆమె టకటకా చెబుతోంది, అతను రాసుకుంటున్నాడు. ఇంచార్జికి ఫోనొస్తే బయటికి వెళ్ళాడు. ఆమె చూపు కాగితం మీది ఒక వరసకు తగిలి ఆగిపోయింది. 'ద్రవం' అన్న గడి అప్పటికే నిండి ఉంది. ఇంచార్జి చేతిరాత. యాసిడ్ నీళ్ళు, సాల్వెంటు కలిసినవి, పీహెచ్ రెండు.

"పీహెచ్ రెండంటే?" అంది ఏమీ తెలియనట్టు.

"నిమ్మరసమంత ఘాటు మేడమ్. నిమ్మరసమైతే నయం, ఇందులో రబ్బరుని కూడా ఉబ్బించే సాల్వెంటు ఉంది."

"వాన నీళ్ళ గుంతకి ఇంత పంపెందుకో?"

అతను తలెత్తి చూశాడు. "వాన నీళ్ళా? మాకు ఇదే రాసిచ్చారు. చూడండి మేడమ్, ద్రవం తప్పు రాస్తే మా గ్యారంటీ చెల్లదు. అందుకే ఎవరి దగ్గర ఏం చెప్పినా మా దగ్గర మాత్రం అందరూ నిజమే చెబుతారు. నడిపేవాళ్ళ సంతకం ఇక్కడ."

ఆమె సంతకం పెట్టింది. నిజం కింద పెట్టే సంతకమే కదా.

అతను వెళ్ళాక ఇంచార్జి నీటి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. కాలువలోకి వదిలే ప్రతి పంపు వివరం ప్రతి పొద్దునా ఆమే అందులో రాయాలి. పేజీలకు అచ్చు నంబర్లు ఉంటాయి, చింపితే దొరికిపోతారు. కాలుష్యం తనిఖీకి వచ్చే అధికారి చూసేది దాన్నే.

"రాయక్కా. మూడో నంబరు స్థానంలో కొత్త పంపు. ద్రవం, వర్షపు నీరు. కింద సంతకం చెయ్."

రోగం బయటపడింది. ఒకే పంపు, ఒకే గుంత, రెండు కాగితాలు. పంపు అమ్మేవాడికి నిజం, నీళ్ళు తాగేవాళ్ళకు అబద్ధం. రెండింటి కిందా ఆమె పేరే. రేపు ఎవరైనా అడిగితే, నడిపింది ఆవిడే, రాసింది ఆవిడే. ఉచ్చు ఎంత ముద్దుగా అల్లారు!

ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. నింపాదిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. 'ద్రవం: యాసిడ్ నీళ్ళు, సాల్వెంటు కలిసినవి, పీహెచ్ రెండు. పంపు కంపెనీ కాగితంలో ఉన్న ప్రకారం.' తేదీ వేసి సంతకం చేసి, రిజిస్టరు అతని వైపు తిప్పింది.

అతని మొహం తెల్లబోయింది. "ఏమ్మా! ఏం రాశావిది? నీకేమన్నా పిచ్చా? కొట్టెయ్. కొట్టేసి వర్షపు నీరని రాయ్."

"కొట్టేస్తే కొట్టేసినవాళ్ళు పక్కన సంతకం చేయాలి సార్. మీరు పెట్టిన రూలే. ఇదిగో పెన్ను. కొట్టేయండి, పక్కన చేయండి సంతకం."

అతను పెన్ను తీసుకున్నాడు. ఆమె రాసిన వరస మీద ఆనించాడు. పక్కన తన సంతకం ఉండబోయే ఖాళీ చోటు కనిపించినట్టుంది, చెయ్యి అక్కడే ఆగిపోయింది.  తర్వాత పెన్ను బల్ల మీదకు విసిరి, "రేపటి నుంచి నువ్వు గేటు లోపలికి రానక్కర్లేదు. పంపులు పాడు చేస్తున్నావని నా దగ్గర రిపోర్టుంది" అన్నాడు.

"శవాల అర చూసి రాశారా సార్, చూడకుండానే రాశారా?"

 సాయంత్రానికి అర ఖాళీ అయింది, చక్రాలన్నీ తుక్కు లారీ ఎక్కాయి. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆమె సంచి బోర్లించి వెతికారు. క్యారేజీ, కళ్ళజోడు పెట్టె, స్క్రూడ్రైవరు. పిడి అరిగిన ఆ స్క్రూడ్రైవరు మాత్రం ఆమె సొంతం. తాళాల బాబాయి గేటు దాకా నడిచి వచ్చి, అది ఆమెదేనని చీటీ రాసిచ్చాడు. 

ఆమె ఇంటికి వెళ్ళలేదు. కాలువ దాటింది. చెల్లెలు వరండాలో తడి దుప్పటి పిండుతోంది.

"నీ మీద వేసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి వచ్చానే" అంది పంపక్క. నిలబడే అంతా చెప్పింది. చక్రాలు, ముప్పై ఒక్క గంటలు, నురగ, రెండు కాగితాలు. గోడ గడియారం సంగతి కూడా దాచలేదు.

చెల్లెలు దుప్పటి వదల్లేదు. ఏడవలేదు, కావలించుకోలేదు.

"ఇవాళే ఎందుకు చెబుతున్నావ్? ఉద్యోగం పీకేశారా?"

"పీకేశారు. కానీ రాసింది ముందు, పీకింది తర్వాత."

"ఆ పుస్తకం రేపటికి ఉంటుందని ఏంటి నమ్మకం?"

"ఉండకపోవచ్చు. కానీ ఆ కంపెనీ వాడి దగ్గర రెండో కాగితం ఉంది. దాని మీద ఇంచార్జి రాత ఉంది, నా సంతకం ఉంది."

చెల్లెలు ఆలోచించింది. రెండేళ్ళ అనుమానం ఒక్క సాయంత్రంతో పోదు, పోవాల్సిన పనీ లేదు. లోపలికెళ్ళి రూళ్ళ కాగితం, పెన్ను తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"నోటి మాట నాకొద్దు. ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వు. కాలనీలో అందరితోనూ సంతకాలు పెట్టించి రేపు తనిఖీ ఆఫీసుకి తీసుకెళ్తాం. నువ్వూ రావాలి."

"వస్తా."

పంపక్క రాయడం మొదలుపెట్టింది. నేను ఫలానా ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను, పంపులు నడిపాను. మూడో నంబరు పంపు ద్వారా కాలువలోకి వదిలేది... ఇన్నేళ్ళు ప్రతి పొద్దునా రిజిస్టరులో రాసిన చెయ్యి, తనంతట తనే రాసేసింది. 'వర్షపు నీరు.'

భుజం మీంచి చదువుతున్న చెల్లెలు ఆ మాటల మీద వేలు పెట్టింది.

పంపక్క ఆ రెండు మాటల మీద ఒక అడ్డగీత గీసింది. పైన 'యాసిడ్ నీళ్ళు' అని రాసింది. గీత పక్కన తన సంతకం చేసింది.

"ఇక్కడెందుకు సంతకం? కింద కదా చేయాలి?" అంది చెల్లెలు.

"కింద కూడా చేస్తా. కొట్టేసింది నేనేనని తెలియాలిగా" అని పంపక్క తర్వాతి వాక్యం రాయసాగింది.